కరణం లేని లెక్కల పుస్తకం (డబ్బు కథ – 6వ భాగం)



పోయిన భాగం పెట్టిన దగ్గర్నుంచీ ఇన్‌బాక్స్‌లోకి ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వస్తోంది. నీలం కోటులో బాబాసాహెబ్, పక్కన నారింజ రంగు బిట్‌కాయిన్ గుర్తు, కింద "ప్రపంచంలో మొట్టమొదటి బిట్‌కాయినర్" అని రాత. పంపేవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలే. "అన్నా, డబ్బు ప్రభుత్వం చేతిలో ఉండకూడదని బాబాసాహెబ్ 1923లోనే చెప్పారు కదా, దీని మీద రాయి" అంటున్నారు. ఇంకో పక్క ఉద్యమంలో పాత మిత్రులు "అదంతా జూదం, దాని జోలికి పోకు" అంటున్నారు.

దాని రేటు గురించి నేనేమీ చెప్పను. కొనమనను, వద్దనను. కానీ ఆ బొమ్మలో ఒక మాట దాగి ఉంది. పైన పెద్దవాడెవడూ లేకపోతే కింద మనిషికి స్వేచ్ఛ దొరుకుతుంది అన్న మాట. దాన్ని మాత్రం వదిలిపెట్టలేను. ఎందుకంటే దాని మీద బాబాసాహెబ్ రెండు చోట్ల రెండు రకాలుగా మాట్లాడారు. మన పిల్లలకి ఒకటే అందింది.

ముందు వాళ్లకి అందినదే చూద్దాం.

1893కి ముందు మన దేశంలో ఎవరైనా వెండి తీసుకెళ్లి ప్రభుత్వ టంకశాలలో ఇస్తే రూపాయలు కొట్టి ఇచ్చేవాళ్లు. రూపాయి విలువ అందులో ఉన్న వెండి విలువే. ప్రపంచంలో వెండి ధర పడిపోతూ వచ్చేసరికి బ్రిటిష్ ప్రభుత్వానికి చిక్కొచ్చింది. లండన్‌కి కట్టాల్సిన పింఛన్లు, వడ్డీలు అన్నీ పౌండ్లలో. ఇక్కడ వసూలయ్యేది రూపాయలు. అందుకని 1893లో టంకశాల తలుపు జనానికి మూసేశారు. ఆ రోజు నుంచి ఎన్ని రూపాయలు పుట్టాలనేది ప్రభుత్వం ఇష్టం. రూపాయి మాత్రం అందులో ఉన్న వెండి కంటే ఎక్కువ విలువకి చలామణీ అయ్యేది. తర్వాత్తర్వాత దీనికి బంగారు మారక ప్రమాణం అని పేరొచ్చింది. 1913లో కీన్స్ అంతటివాడు దీన్ని మెచ్చుకుంటూ పుస్తకం రాశాడు. తెలివైనవాళ్ల చేతిలో పెట్టండి, అవసరాన్ని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు అన్నది ఆ వాదన సారం.

పదేళ్ల తర్వాత, 1923లో, లండన్‌లో ఒక మహర్ కుర్రాడు, 32 ఏళ్లవాడు, "ప్రాబ్లం ఆఫ్ ది రుపీ" అచ్చువేసి కాదన్నాడు. అది ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డీఎస్సీ కోసం చేసిన పని. వాదన మన ఇంట్లో మాటల్లో చెప్పాలంటే ఇది. అడ్డూ ఆపూ లేకుండా డబ్బు పుట్టించే హక్కు ఎవరికిచ్చినా, వాళ్లు మంచివాళ్లైనా సరే, పుట్టిస్తారు. పుట్టిస్తే ధరలు పెరుగుతాయి. ధరతో పాటు కూలి వెంటనే పెరగదు. ఆ మధ్య తేడా యజమాని జేబులోకి పోతుంది. రూపాయి విలువ తగ్గితే దేశానికి లాభం అని వ్యాపారులు వాదిస్తుంటే, ఆ లాభం దేశానిది కాదు, ఒక వర్గం నుంచి ఇంకో వర్గం లాక్కున్నది అని చూపించారాయన. మందు ఏమిటంటే, రూపాయలు కొత్తగా కొట్టడం ఆపేయండి, ఒక హద్దు దగ్గర బిగించేయండి, పక్కన బంగారు నాణెం నడవనివ్వండి. 1925లో రాయల్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పినప్పుడూ ఇదే దారి.

(ఒక మాట. రిజర్వ్ బ్యాంకు ఆయన పుస్తకంలోంచే పుట్టిందని మనం ప్రతి ఏప్రిల్‌లో పోస్టర్లు వేస్తాం. హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చారన్నది రికార్డు. ఆయన గొప్పతనానికి అది చాలదా? ఉన్నదానికి ఇంకొంచెం అతికించి ఎదుటివాడి చేతికి రాయి ఇవ్వడం నాకు నచ్చదు.)

ఇప్పుడు బిట్‌కాయిన్ వైపు చూడండి. ఎవరి ఇష్టంతోనూ పెరగకూడని డబ్బు. మొత్తం 2 కోట్ల 10 లక్షలు, అంతకంటే పుట్టవు. పాలకుడి చెయ్యి హద్దు దాటకుండా కట్టేయాలన్న వరకూ ఆ నారింజ బొమ్మలో అబద్ధం లేదు. మన పిల్లలు గర్వపడితే తప్పేం లేదు.

దాని వెనక ఉన్న మనుషుల కథ కూడా తెలుసుకోవాలి. మొదట డేవిడ్ చామ్. 1982లోనే, బ్యాంకుకి మనం ఎక్కడ ఖర్చుపెట్టామో తెలియకుండా బ్యాంకు డబ్బే వాడుకునే లెక్క కనిపెట్టాడు. గుడ్డి సంతకం అంటారు. ఒక కవరులో కాగితం, దాని మీద కార్బన్ పేపరు పెట్టి అంటించారనుకోండి. బ్యాంకువాడు కవరు మీద సంతకం చేస్తే లోపల కాగితం మీద కూడా పడుతుంది. ఆ కాగితం నంబరు వాడు చూడలేదు. తర్వాత ఆ కాగితం దుకాణం నుంచి తిరిగొస్తే తన సంతకమేనని గుర్తుపడతాడు, ఎవరికిచ్చాడో మాత్రం చెప్పలేడు. చామ్ దీని కోసం ఆమ్‌స్టర్‌డామ్‌లో డిజిక్యాష్ అనే కంపెనీ పెట్టాడు. 1998లో అది దివాలా తీసింది.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ కవరు సంగతి మనకి చాలా దగ్గరిది.

మా అమ్మమ్మ చెప్పేది. కొట్టుకాడ డబ్బులు చేతికి ఇవ్వకూడదు, చెక్క మీద పెట్టి వెనక్కి జరగాలి. కొట్టువాడు నీళ్లు చిలకరించి తీసుకునేవాడు. సరుకు పైనుంచి కొంగులో వేసేవాడు. నాణెం మీద రాజు బొమ్మ అందరికీ ఒకటే. అది ఎవరి చేతిలోంచి వచ్చిందన్నదే తేడా. డబ్బుకి కులం లేదంటారు ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు. నీళ్లు చిలకరించేవాడికి ఆ శాస్త్రం తెలీదు మరి.

ఇప్పుడు క్యూఆర్ కోడ్. చెయ్యి తగలదు, నాణెం లేదు, అంటు లేదు. బాగానే ఉంది. కానీ స్కాన్ చేయగానే ఏం కనిపిస్తుంది? బ్యాంకులో ఉన్న పూర్తి పేరు. ఇంటిపేరుతో సహా. తెలుగునాట ఇంటిపేరు చూస్తే సగం మందికి కులం తెలిసిపోతుంది. తెలియనివాడు "మీరేమిట్లు?" అని అడుగుతాడు. ఒకప్పుడు పట్నం వచ్చిన మనవాడికి రూపాయి నోటు ఇచ్చిన ధైర్యం ఏమిటంటే, అది ఇచ్చినవాడి పేరు చెప్పదు. టిఫిన్ బండి పెట్టుకున్న మాదిగ ఆడమనిషి పేరు ఇప్పుడు ఇడ్లీ తిన్న ప్రతివాడి ఫోన్‌లో ఉంటుంది. మోసాలు ఆపడానికి చేసిన ఏర్పాటే, నేను తప్పుపట్టను. కానీ మోసాన్నీ ఆపి పేరునీ దాచే లెక్క ఎలా కట్టొచ్చో ఆలోచించేవాళ్లకి 1982 నుంచీ ఒక దారి కనబడుతూనే ఉంది. పెద్దనోట్ల రద్దు అయిన 52 రోజులకి, 2016 డిసెంబర్ 30న, ప్రభుత్వం యూపీఐ యాప్ తెచ్చి దానికి భీమ్ అని బాబాసాహెబ్ పేరు పెట్టింది. పేరు పెట్టినవాళ్లకి ఆయన పేరు కావాలి. ఆయన మనుషుల పేర్లు తెరమీద ఎందుకు ఆరబెడుతున్నారో మాత్రం ఎవరూ అడగలేదు.

చామ్ తర్వాత సైఫర్‌పంక్‌లు. 1992లో కాలిఫోర్నియాలో ఎరిక్ హ్యూస్, టిమ్ మే, జాన్ గిల్‌మోర్ మొదలుపెట్టిన గుంపు. ప్రభుత్వం మనని చూడకుండా ఉండే హక్కు చట్టంతో రాదు, గణితంతో వస్తుంది అనేది వాళ్ల నమ్మకం. వాళ్లలో టిమ్ మే ఇంటెల్‌లో పనిచేసి, షేర్లతో సంపాదించి, 34 ఏళ్లకే ఉద్యోగం మానేసి దర్జాగా బతికిన మనిషి. చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. నన్ను ఎవడూ ముట్టుకోకుంటే చాలు అనే స్వేచ్ఛ, ముందే అన్నీ ఉన్నవాడికి ఎలా సరిపోతుందో చూడమంటున్నాను. ముట్టుకోకుండా ఉండటమే శిక్షగా బతికిన జాతికి ఆ మాట వేరేలా వినిపిస్తుంది.

2008 అక్టోబర్ 31న సతోషీ నకమోతో అనే మారుపేరుతో ఒకరు తొమ్మిది పేజీల కాగితం బయటపెట్టారు. 2009 జనవరి 3న మొదటి పేజీ, అంటే మొదటి బ్లాకు, పుట్టింది. అందులో ఆ రోజు లండన్ పేపర్లో వచ్చిన శీర్షిక దాచారు. బ్యాంకుల్ని మళ్లీ ప్రభుత్వం గట్టెక్కించబోతోందన్న వార్త అది. కోపం ఎవరి మీదో అర్థమవుతోంది కదా.

సతోషీ చేసిందేమిటో మన ఊరి మాటల్లో చెప్తాను.

మన ఊళ్లలో భూమి లెక్క కరణం చేతిలో ఉండేది. అడంగల్ ఆయన ఇంట్లో, పెన్ను ఆయన జేబులో. దున్నేది ఒకడు, పుస్తకంలో పేరు ఇంకొకడిది. బంజరు మీద వాడవాళ్లు పదేళ్లు చెమటోడ్చినా, కరణం రాయకపోతే ఆ పదేళ్లు జరగనట్టే. ఆ ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవుల్ని ఊడబెరికింది. తెలంగాణలో పటేల్, పట్వారీ పద్ధతి కూడా ఆయన హయాంలోనే పోయింది. ఆయన మీద మనకి ఎన్ని ఫిర్యాదులున్నా (కారంచేడు ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే జరిగింది, 1985 జూలై 17) ఆ పని మాత్రం వాడల్లో పండగే.

సతోషీ చెప్పింది, కరణాన్ని మార్చడం కాదు, కరణమే అక్కర్లేదు అని. లెక్కల పుస్తకం ఒక్క ఇంట్లో కాకుండా కావాలన్న ప్రతి ఇంట్లో ఒక నకలు. ఇంచుమించు పది నిమిషాలకో కొత్త పేజీ. ఆ పేజీ రాసే హక్కు కోసం కంప్యూటర్లు ఒక లెక్క మీద కుస్తీ పడతాయి. గెలిచినదానికి కొత్త నాణేలు కూలి. పాత పేజీ దిద్దాలంటే ఆ తర్వాత పేజీలన్నిటికీ పడ్డ శ్రమ మళ్లీ పడాలి, కాబట్టి దిద్దడం దాదాపు కుదరదు. లంచం ఇవ్వడానికి కరణమే లేడు.

ఈ మాట మొదటిసారి అర్థమైనప్పుడు నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. మా ఊరి అడంగల్‌కి వాడలో ప్రతి ఇంట్లో ఒక నకలు ఉండి ఉంటే?

2010 డిసెంబర్‌లో దీని బలం ఇంకోలా తెలిసింది. వికీలీక్స్ అమెరికా రహస్య టెలిగ్రాములు బయటపెట్టగానే వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ దానికి వచ్చే విరాళాలు ఆపేశాయి. ఏ కోర్టూ శిక్ష వేయలేదు. ఉప్పు అమ్మొద్దన్నారు, అంతే. మనకి ఇదేం కొత్త? 1928లో బొంబాయి ప్రభుత్వం వేసిన స్టార్ట్ కమిటీలో బాబాసాహెబ్ సభ్యులు. ఊరు తలుచుకుంటే వాడని ఎలా లొంగదీస్తుందో ఆ కమిటీ రాసింది. కౌలు భూమి లాక్కుంటారు, పనికి పిలవరు, దారి మూస్తారు, కొట్టులో సరుకు అమ్మరు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికేముందు జరిగింది కూడా బహిష్కరణే. రౌండ్ టేబుల్ నాటి నుంచీ బహిష్కరణని నేరం చేయమని ఆయన అడిగితే, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టంలో సామాజిక, ఆర్థిక బహిష్కరణ పేరుపెట్టి నేరంగా చేరింది 2015 సవరణతో. వికీలీక్స్ మాత్రం 2011 జూన్ నుంచి బిట్‌కాయిన్ తీసుకోవడం మొదలుపెట్టింది. ఎవరి అనుమతీ అడగకుండా. బహిష్కరణ తెలిసినవాడెవడూ దీన్ని తేలిగ్గా తీసిపారేయలేడు.

మరి ఇంత మెచ్చుకుని ఆ బొమ్మ మీద నా అభ్యంతరం ఏమిటి?

బాబాసాహెబ్ రెండోసారి మాట్లాడిన చోటు చూడాలి. 1948 నవంబర్ 4, రాజ్యాంగ సభ. ముసాయిదాలో గాంధీగారి గ్రామ స్వరాజ్యం లేదని చాలామంది సభ్యులు గింజుకుంటున్నారు. ఢిల్లీ నుంచి పాలించడమేంటి, అధికారం ఊళ్లకి పంచండి, ప్రతి ఊరూ తన రాజ్యం తానే అంటున్నారు. వినడానికి ఎంత బాగుంది! ఇవాళ్టి భాషలో వికేంద్రీకరణ. ఆయన లేచి, ఊరంటే ఇరుకుతనం, అజ్ఞానం, కుల పక్షపాతం తప్ప ఏముందని అడిగారు. ముసాయిదా ఊరిని వదిలి మనిషిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నారు. సభలో కోపాలొచ్చాయి. అదే నెలలో కె. సంతానం సవరణతో గ్రామ పంచాయతీల మాట 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చేరింది.

ఆయనకి అది పుస్తకాల జ్ఞానం కాదు. 1923లో బొంబాయి శాసన మండలి బోలే తీర్మానంతో ప్రజల చెరువులు, బావులు అంటరానివాళ్లకి తెరిచింది. మహద్ మునిసిపాలిటీ 1924లో సరేనంది. పైన తలుపు తెరుచుకుంది. చవదార్ చెరువు దగ్గర మాత్రం ఎవరూ తెరవలేదు. 1927 మార్చి 20న మనవాళ్లు వెళ్లి నీళ్లు తాగితే తలలు పగిలాయి. పగలగొట్టింది చక్రవర్తి కాదు, ఇరుగుపొరుగే.

కాబట్టి 1923నీ 1948నీ పక్కపక్కన పెట్టి చదవండి. పైన ఉన్నవాడికి హద్దు లేకపోతే ఏమవుతుందో రూపాయిలో చూపించారు. కింద ఉన్నవాడికి మొరపెట్టుకునే చోటు లేకపోతే ఏమవుతుందో ఊరిలో చూపించారు. మన పిల్లలు మొదటిది పట్టుకుని రెండోది వదిలేశారు. బిట్‌కాయిన్ కథ రెండోదాన్ని ఎలా నిజం చేస్తూ వచ్చిందో చూడండి.

మొదట పంపకం. మొదటి నాలుగేళ్లు ఒక్కో పేజీకి 50 నాణేలు కూలి. 2,10,000 పేజీలు అయ్యాక సగం. ఆ మొదటి సగింపు 2012 నవంబర్ 28న. అంటే 1 కోటి 5 లక్షల నాణేలు, మొత్తం పుట్టబోయేదాంట్లో సరిగ్గా సగం, ఆ తేదీకే పంచేసుకోవడం అయిపోయింది. ఆ రోజుల్లో మనం ఎక్కడున్నాం? 2011 జనాభా లెక్కల్లో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు మన దేశంలో 100 ఇళ్లలో 3 ఇళ్లకి ఉంది. ఆ మూడిళ్లు ఏ వీధిలో ఉండి ఉంటాయో మీకు నేను చెప్పాలా? ఊళ్లో మాగాణి, మెట్ట అంతా పంచుకున్నాక వాడకి చెప్పే మాట ఒకటుంది, ఇప్పుడు అందరికీ సమాన హక్కు, కావాలంటే కొనుక్కో అని. తలుపు అందరికీ తెరిచే ఉంది, నిజమే. లోపల కుర్చీలు నిండిపోయాయి.

తర్వాత పెద్దలు లేని చోట పెద్దలు మొలవడం. ఇంట్లో కంప్యూటరుతో పేజీ రాయొచ్చన్న రోజులు రెండు మూడేళ్లలోనే అయిపోయి, దానికే ప్రత్యేకంగా చేసిన యంత్రాల గోదాములొచ్చాయి. 2014 జూన్‌లో జీహాష్ అనే ఒక్క గుంపు చేతికి మొత్తం శక్తిలో సగానికి పైగా చిక్కింది. జనం భయపడ్డారు, వాళ్లే తగ్గిస్తామని మాటిచ్చి తగ్గారు. మంచిదే. కానీ దొర మంచితనం మీద ఆధారపడటం మనకి తెలిసిన పాత ఏర్పాటే.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. రాసింది చెరపలేకపోవడం.

ఎథీరియం అని ఇంకో పుస్తకం ఉంది, బిట్‌కాయిన్‌కి తమ్ముడు లాంటిది. 2016లో దాని మీద డావో అనే ఉమ్మడి నిధి పెట్టారు. కోడే చట్టం, మనుషుల తీర్పు అక్కర్లేదు అన్నారు. జూన్ 17న ఎవడో ఆ కోడ్‌లో కన్నం చూసుకుని 36 లక్షల దాకా ఈథర్ తోడేశాడు. కోడ్ ప్రకారమే తోడాడు. మరి చట్టం ప్రకారం వాడివే కదా? జూలై 20కల్లా పుస్తకాన్ని చీల్చి, ఆ పద్దు తిరగరాశారు. కాదన్నవాళ్లు పాత పుస్తకమే పట్టుకుని ఎథీరియం క్లాసిక్ అయ్యారు. తిరగరాయాలా వద్దా అని అభిప్రాయం అడిగినప్పుడు లెక్కపెట్టింది మనుషుల్ని కాదు, ఎవరి దగ్గర ఎంత ఈథర్ ఉందో దాన్ని. ఒక మనిషికి ఒక విలువ అని రాజ్యాంగ సభలో ఆఖరి ప్రసంగంలో హెచ్చరించిన మనిషి ఫోటో పక్కన ఈ గుర్తులు పెడుతున్నాం మనం.

అటు బిట్‌కాయిన్‌లో, టోక్యోలోని మౌంట్ గాక్స్ అనే మారకం కొట్టు 2014 ఫిబ్రవరిలో కూలింది. 8,50,000 నాణేలు పోయాయన్నారు. తర్వాత ఒక పాత ఖాతాలో 2,00,000 దొరికాయి. ఇక్కడ ఎవరూ పుస్తకం చీల్చలేదు. పోగొట్టుకున్నవాళ్లకి నాణేలు తిరిగి రావడం మొదలైంది 2024 జూలైలో, పదేళ్లకి. ఎవరిచ్చారు? గణితం ఇవ్వలేదు. జపాన్ కోర్టు నియమించిన ట్రస్టీ ఇచ్చాడు. ఏ ప్రభుత్వమూ వద్దనుకుని కట్టిన ఇంట్లో దొంగలు పడితే, చివరికి తట్టింది కోర్టు తలుపే.

ఇది మన భూమికి కలిపి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి 9వ చట్టం అని ఒకటుంది, అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. నిరుపేదకి ప్రభుత్వం ఇచ్చిన భూమిని ఎవడైనా కొనుక్కుంటే, రిజిస్టర్ చేయించుకున్నా సరే, ఆ అమ్మకం చెల్లదని, భూమి వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకి ఇవ్వొచ్చని ఆ చట్టం చెప్పింది. ఎందుకు? వాడవాడు అమ్మింది స్వేచ్ఛగా కాదని చట్టం చేసినవాళ్లకి తెలుసు కాబట్టి. అప్పుకి, సారాకి, ఆస్పత్రికి, కొన్నిసార్లు కర్రకి భయపడి వేలిముద్ర వేస్తాడు. ఆ వేలిముద్రని తర్వాత ఎవరో ఒకరు చెరపగలగాలి. అమలు ఎంత అధ్వానమో 2006లో కోనేరు రంగారావు కమిటీ నివేదికలో చదువుకోవచ్చు. అయినా ఆ చట్టం పట్టుకునే మన సంఘాలు ఎన్నో ఎకరాల కోసం కొట్లాడాయి. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్రోమావే అనే స్వీడన్ కంపెనీతో కలిసి భూమి రికార్డులు బ్లాక్‌చెయిన్‌లో పెట్టే ప్రయోగం ప్రకటించినప్పుడు పేపర్లన్నీ ఇక మోసం కుదరదని రాశాయి. ఇక ముందు దిద్దడం కుదరదు, సరే. కరణం 1950లో రాసింది అబద్ధమైతే? ఆ అబద్ధానికి వజ్రపు తాళం వేసినట్టు అవుతుంది.

డబ్బు దగ్గర జరిగిందే మనుషులు కలుసుకునే చోట కూడా జరుగుతోంది. రెండిటికీ మధ్య ఒక మనిషి ఉన్నాడు కాబట్టి ఆ కథ కూడా చెప్పాలి. జాక్ డోర్సీ. 2018 నవంబర్‌లో ట్విట్టర్ అధిపతిగా ఢిల్లీ వచ్చాడు. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని బద్దలు కొట్టమన్న పోస్టర్ పట్టుకుని ఫోటో దిగాడు. తేన్‌మొళి సౌందరరాజన్ వేసిన పోస్టర్ అది, అక్కడికి వచ్చిన ఒక దళిత కార్యకర్త ఇచ్చింది. దేశంలో గగ్గోలు. కంపెనీ న్యాయ విభాగం అధిపతి, హైదరాబాద్‌లో పుట్టిన విజయ గద్దె, ఆ పోస్టర్ తమ అభిప్రాయం కాదని క్షమాపణ చెప్పారు. ఏడాది తిరక్కుండా, 2019 నవంబర్‌లో, పాత్రికేయుడు దిలీప్ మండల్ ఖాతా మీద ఆంక్షలు పెట్టారని మనవాళ్లు ట్విట్టర్‌ది కులతత్వం అని దేశమంతా ట్రెండ్ చేశారు. అదే రోజుల్లో లాయర్ సంజయ్ హెగ్డే ఖాతా ఆపేసినందుకు చాలామంది మూటాముల్లే సర్దుకుని మాస్టొడాన్‌కి వెళ్లారు.

మాస్టొడాన్‌లో ఒక్క కంపెనీ లేదు. వేల సర్వర్లు, ఒక్కోదానికి ఒక్కో నిర్వాహకుడు, ఒక్కో కట్టుబాటు. అంటే వేల ఊళ్లు, ఊరికో మునసబు. నచ్చకపోతే ఇంకో ఊరు పో. నీ ఊళ్లో మునసబు మంచివాడైతే నీ అదృష్టం. పక్క ఊరివాడు వచ్చి నీ గుమ్మంలో బూతులు తిడితే, నీ మునసబు తలుపేయగలడు, అక్కడ వాణ్ని ఆపమని అడగడానికి పైన ఎవరూ లేరు. 2019 జూలైలో గ్యాబ్ అనే జాత్యహంకారుల అడ్డా ఇదే సాఫ్ట్‌వేర్ తీసుకుని తన ఊరు తాను కట్టుకుంది. మిగతా ఊళ్లు చాలావరకు దాన్ని వెలివేశాయి. వెలివేత మంచి పనికి వాడటం చూసి నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది.

డోర్సీ అదే డిసెంబర్‌లో బ్లూస్కై ప్రకటించాడు. 2021 జనవరిలో ట్రంప్ ఖాతా తీసేశాక, ఒక కంపెనీకి ఇంత అధికారం ఉండకూడదని, తనకి బిట్‌కాయిన్ అంటే ఇష్టం అందుకేనని రాశాడు. 2024లో బ్లూస్కై బోర్డు నుంచి బయటికొచ్చాడు. అక్కడ కూడా పోస్టుల మీద నియంత్రణ పనిముట్లు పెట్టారన్నది ఆయన అసంతృప్తుల్లో ఒకటి. ఆయనకి ఆ పనిముట్లు స్వేచ్ఛకి అడ్డు. రాత్రి పదకొండుకి తెలియనివాళ్ల నుంచి కులం పేరుతో బెదిరింపులు అందుకునే మన ఆడపిల్లకి అది తలుపు గడియ.

అలాగని మనం ఎప్పుడూ పెద్ద ఇళ్ల దగ్గరే నిలబడాలని నేను అనడం లేదు. 1920 జనవరి 31న మూక్‌నాయక్ వచ్చినప్పుడు కేసరి పత్రిక డబ్బులిస్తామన్నా ప్రకటన వేసుకోలేదు. షాహూ మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలతో మన పత్రిక మనం పెట్టుకున్నాం. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక తెచ్చారు. 2010ల మొదట్లో అదే నగరం నుంచి దళిత్ కెమెరా మొదలైంది. పెద్ద పత్రికల వాకిట్లో నిలబడకుండా సొంత అచ్చు, సొంత కెమెరా, ఇదంతా వికేంద్రీకరణే. దాన్ని మనకి కాలిఫోర్నియా నేర్పలేదు. కానీ బాబాసాహెబ్ మూక్‌నాయక్ నడిపిన చేత్తోనే సౌత్‌బరో కమిటీకి విజ్ఞాపన రాశారు, ఆ చేత్తోనే 17వ అధికరణం ఉన్న రాజ్యాంగం రాశారు. పత్రిక ఉంది కదా, చట్టం ఎందుకు అనలేదు.

అందుకే ఆ నారింజ బొమ్మ పంపిన తమ్ముళ్లని, చెల్లెళ్లని ఒక పని అడుగుతున్నాను. మీలో కోడ్ రాయగలిగేవాళ్లున్నారు. 2022 డిసెంబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు ఈ-రూపీని జనంలో ప్రయోగిస్తోంది. యూపీఐ నడుస్తూనే ఉంది, అందులో నాలుగింట మూడొంతులకు పైగా లావాదేవీలు రెండు యాప్‌ల మీదుగానే పోతున్నాయి. టిఫిన్ బండి ఆమె ఇంటిపేరు కొన్నవాడి తెర మీద పడకుండా, అదే సమయంలో మోసం జరిగితే ఆమె కోర్టుకి పోగలిగేలా, చామ్ కవరుని ఇక్కడ ఎలా వాడొచ్చో నాలుగు పేజీలు తెలుగులో రాయండి. నా గోడ మీద పెడతాను. సంఘాల చేత రిజర్వ్ బ్యాంకుకి విజ్ఞాపనగా పంపిద్దాం. రాసేటప్పుడు ఇంటిపేరు పెట్టాలో వద్దో మీ ఇష్టం.

7వ భాగంలో నిజాం సొంత డబ్బు, హాలీ సిక్కా కథ. 1959 దాకా మన తాతల జేబుల్లో ఉన్న రూపాయి అది. మీ ఇళ్లలో దాని గురించి చెప్పగల పెద్దవాళ్లుంటే వాళ్ల మాటలు రికార్డు చేసి పంపండి.

జై భీమ్.